డీఎస్ఐపీ ల్యాబ్ డైరీ: ట్యూబులో అసలు పెప్టైడ్ ఎంతుంది?

డెల్టా స్లీప్ ఇండ్యూసింగ్ పెప్టైడ్, పొట్టిగా డీఎస్ఐపీ. తొమ్మిది అమైనో ఆమ్లాల గొలుసు: ట్రిప్టోఫాన్, అలనిన్, గ్లైసిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, అలనిన్, సెరిన్, గ్లైసిన్, గ్లుటామిక్ ఆమ్లం. సగటు అణుభారం 848.8. కుందేళ్ల మెదడులో థాలమస్‌కు విద్యుత్ ప్రేరణ ఇచ్చి, అవి నిద్రలోకి జారాక మెదడు సిరల రక్తం నుంచి డయాలసిస్‌తో వేరు చేసిన పదార్థం ఇది. దీని నిర్మాణాన్ని బాసెల్‌లో పనిచేసిన షోనెన్‌బర్గర్, మోన్నియే 1977లో ప్రకటించారు. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా దీని జన్యువు ఏదో, రిసెప్టర్ ఏదో తేలలేదు. నిద్ర మీద దీని ప్రభావం గురించి వచ్చిన ఫలితాలకు ఒకదానితో ఒకటి పొంతన లేదు.

ఈ పొంతన లేకపోవడానికి జీవశాస్త్ర కారణాలు ఉండొచ్చు. కానీ అందులో కొంత గందరగోళం ట్యూబులోనే మొదలవుతుందని నా గట్టి అనుమానం. లేబుల్ మీది అంకెకూ ద్రావణంలో నిజంగా ఉన్న పెప్టైడ్‌కూ మధ్య తేడా ఎంత, ఆ తేడా ఎక్కడెక్కడ పెరుగుతుంది అన్నదే ఈ డైరీ. ఇదే పని చేయబోయేవాళ్లకి మా అంకెలు, మేం మార్చిన పద్ధతులు పనికొస్తాయి.

ముందే ఒక మాట. ఈ పొడి ల్యాబ్ పరిశోధనకు మాత్రమే. మేం స్టెరిలిటీ గానీ ఎండోటాక్సిన్ (బాక్టీరియా నుంచి వచ్చే విషం) గానీ పరీక్షించలేదు. ఇక్కడి సాంద్రతలన్నీ ట్యూబులకూ కాలమ్‌కూ సంబంధించినవి. మనిషి శరీరంలోకి ఎక్కించడానికి వీటిలో ఏ ఆధారమూ లేదు.

మొదట్లో చేతిలో ఉన్నవి: ఒకే లాట్‌కు చెందిన రెండు వయల్స్, ఒక్కోదాని మీద 5 మి.గ్రా. అని రాసి ఉంది. టీఎఫ్ఏ (ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం) లవణం. లేబుల్ మీద స్వచ్ఛత 98 శాతం.

దశ 1: పొడి నుంచి ద్రావణం

ఫ్రీజర్‌లోంచి తీసిన వయల్‌ని వెంటనే తెరవకూడదు. చల్లటి గాజు లోపల గాలిలోని తేమ పట్టేస్తుంది, ఈ పొడి దాన్ని పీల్చుకుంటుంది. డెసికేటర్‌లో పెట్టి గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగాలి.

వయల్‌ని వెలుతురుకి పెట్టి చూస్తే అడుగున పొడి దాదాపు లేదు. పల్చటి తెల్లటి పొరలా గోడకు అంటుకుని ఉంది, ఇంకొంత రబ్బరు మూత లోపలి అంచున చిక్కుకుంది. స్పాచులా దగ్గరికి తీసుకెళ్లగానే స్టాటిక్ వల్ల రేణువులు ఎగిరి అటువైపు అంటుకున్నాయి. ఇలాంటి పొడిలోంచి 1 మి.గ్రా. తూచి తీయడమన్నది జరిగే పని కాదు. అందుకే తూకం ఆలోచన వదిలేసి మొత్తం వయల్‌ని ఒకేసారి కరిగించాం.

1. మూత తీసే ముందు వయల్‌ని తక్కువ వేగంతో ఒక నిమిషం సెంట్రిఫ్యూజ్ చేయాలి.
2. 5.0 మి.లీ. నీరు గోడల వెంబడి నెమ్మదిగా పోయాలి.
3. మూత పెట్టి, వయల్‌ని తలకిందులు చేసి మూత లోపలి భాగం కూడా తడపాలి. వోర్టెక్స్ (యంత్రంతో గిరగిరా కలపడం) వద్దు, నురగ వస్తుంది.
4. పది నిమిషాలు ఆగి మళ్లీ సెంట్రిఫ్యూజ్ చేయాలి.

ద్రావణం తేటగానే వచ్చింది. పీహెచ్ కాగితం 3కీ 4కీ మధ్య చూపింది. టీఎఫ్ఏ లవణం బఫర్ లేని నీటిలో కరిగితే అంతే వస్తుంది. డీఎస్ఐపీలో క్షార గుణం ఉన్నది మొదటి అమైనో గుంపు ఒక్కటే, ఆమ్ల గుంపులు మూడు. కాబట్టి దాని ఐసోఎలెక్ట్రిక్ పాయింట్ (మొత్తం చార్జ్ సున్నా అయ్యి, కరగడం తగ్గే పీహెచ్) కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఇంకా చిక్కటి స్టాక్ చేద్దామనుకునేవాళ్లు ఆ పీహెచ్‌కి దూరంగా వెళ్లడం మంచిది.

ఇప్పుడు అసలు కొలత. ఈ పెప్టైడ్‌లో ఒకే ఒక్క ట్రిప్టోఫాన్ ఉంది. దాని మోలార్ శోషణ గుణకం 280 నానోమీటర్ల దగ్గర సుమారు 5500. అంటే 1 మి.గ్రా./మి.లీ. పెప్టైడ్ ఉంటే శోషణ 6.48 రావాలి, 20 రెట్లు పలుచన చేస్తే 0.324.

మామూలు పాలీస్టైరీన్ క్యూవెట్ ఇక్కడ పనికిరాదు. ఆ ప్లాస్టిక్కే 280 దగ్గర కాంతిని మింగేస్తుంది, రీడింగులు అర్థం లేకుండా వస్తాయి. క్వార్ట్జ్ క్యూవెట్‌లో వచ్చినవి ఇవి:

280 దగ్గర: 0.261
320 దగ్గర: 0.008 (ఇది కాంతి చెదరడం వల్ల వచ్చేది, తీసేయాలి)
తేడా: 0.253

లెక్క వేస్తే 0.92 మిల్లీమోలార్, అంటే 0.781 మి.గ్రా./మి.లీ. వయల్ మొత్తంలో ఉన్నది 3.9 మి.గ్రా. లేబుల్ చెప్పింది 5.

ఇందులో మోసమేమీ లేదు. లేబుల్ మీది 98 శాతం క్రోమటోగ్రామ్‌లో (పదార్థాల్ని వేరు చేసి గీసే గ్రాఫ్) పీక్ వైశాల్యానికి సంబంధించింది. నీరు, టీఎఫ్ఏ ఆ లెక్కలోకి రావు. అణువుకి ఒక టీఎఫ్ఏ చొప్పున లెక్కేసినా పొడిలో పెప్టైడ్ వాటా 88 శాతానికి దిగుతుంది. మిగతా లోటులో ఎక్కువ భాగం తేమ కావచ్చు. లేబుల్‌ని నమ్మి ప్రయోగం చేసినవాళ్ల ప్రతి సాంద్రతా అసలు కన్నా నాలుగో వంతుకు పైగా ఎక్కువగా నమోదవుతుంది. డోసు పెంచితే ఫలితం తిరగబడిందని చెప్పే పెప్టైడ్ విషయంలో ఈ తేడా చిన్నది కాదు.

ఒక్క పద్ధతి మీదే ఆధారపడటం ఇష్టం లేక అమైనో ఆమ్ల విశ్లేషణ కూడా చేయించాం. చిక్కటి ఆమ్లంలో ఉడికించినప్పుడు ట్రిప్టోఫాన్ నాశనమవుతుంది, సెరిన్ కొంత పోతుంది. అందుకని ఆ రెంటినీ వదిలేసి గ్లైసిన్, అలనిన్, గ్లుటామిక్ ఆమ్లాలతో లెక్క వేయాలి. గ్లైసిన్‌కీ అలనిన్‌కీ నిష్పత్తి 1.5 రావాలి, 1.49 వచ్చింది. సాంద్రత 0.90 మిల్లీమోలార్. రెండు దారులూ ఒకే చోటుకి వచ్చాయి కాబట్టి ఇక్కణ్నుంచి 0.92నే వాడాం.

ఈ దశ చివర మిగిలిన నిల్వ: మొదటి వయల్ ద్రావణం 4.85 మి.లీ., అంటే 3.79 మి.గ్రా. రెండో వయల్ తెరవలేదు.

దశ 2: హెచ్‌పీఎల్‌సీ

హెచ్‌పీఎల్‌సీ అంటే ద్రావణాన్ని ఒత్తిడితో కాలమ్ గుండా పంపి అందులోని పదార్థాల్ని వేరు చేసే పద్ధతి. సి18 (జిడ్డు గుణం ఉన్న) కాలమ్, 150 × 4.6 మి.మీ., 5 మైక్రాన్ల రేణువులు. మాస్ స్పెక్ట్రోమీటర్‌కి (అణువుల బరువు కొలిచే యంత్రం) అనుకూలంగా ఉంటుందని అమ్మోనియం అసిటేట్‌తో, తటస్థ పీహెచ్ దగ్గర మొదలుపెట్టాం. పెప్టైడ్ కాలమ్‌లో నిలవనే లేదు. లవణాలతో కలిసి ముందే బయటికొచ్చేసింది. ఆ పీహెచ్‌లో మూడు ఆమ్ల గుంపులూ చార్జ్‌తో ఉంటాయి, నీటిని వదిలి కాలమ్‌కి అంటుకునే అవసరం దానికి ఉండదు. 0.1 శాతం టీఎఫ్ఏకి మారి, అసిటోనైట్రైల్‌ని 20 నిమిషాల్లో 5 నుంచి 35 శాతానికి పెంచాక పీక్ సన్నగా, మధ్యలో వచ్చింది.

214 నానోమీటర్ల దగ్గర టీఎఫ్ఏ వల్ల బేస్‌లైన్ వాలిపోతుంటే 220కి మార్చాం. పక్కనే 280 చానెల్, ఫ్లోరెసెన్స్ (280 ప్రేరణ, 350 ఉద్గారం) కూడా నడిపించాం. ఒకే సాంపిల్‌ని మళ్లీ మళ్లీ ఎక్కించినప్పుడు పీక్ వైశాల్యంలో చెదురు 1.5 శాతం. కింద వచ్చే ఏ అంకెనైనా ఈ 1.5తో పోల్చుకుని చదవండి.

మాస్ కోసం వేరుగా ఫార్మిక్ ఆమ్లంతో రన్ చేశాం, టీఎఫ్ఏ ఉంటే అక్కడ సిగ్నల్ నొక్కుకుపోతుంది. చూడాల్సిన విలువలు ఇవి (ఒక ప్రోటాన్ చేరిన అయాన్లవి):

849.3: మొత్తం పెప్టైడ్
865.3: ఒక ఆక్సిజన్ చేరింది
881.3: రెండు ఆక్సిజన్లు చేరాయి, ట్రిప్టోఫాన్ వలయం తెగింది
663.3: మొదటి ట్రిప్టోఫాన్ ఊడిపోయింది

నిల్వ: 4.25 మి.లీ., 3.32 మి.గ్రా.

దశ 3: గోడలకు అంటుకునేది ఎంత?

10 మైక్రోమోలార్ దగ్గర ఏ ట్యూబులో పెట్టినా రాత్రి గడిచాక తేడా కనిపించలేదు. పలుచన చేసేకొద్దీ కథ మారింది. 100 నానోమోలార్ ద్రావణం, 4 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచాక మిగిలింది:

పాలీస్టైరీన్: 71 శాతం
మామూలు పాలీప్రొపిలీన్: 86 శాతం
లో-బైండ్ పాలీప్రొపిలీన్: 95 శాతం

డీఎస్ఐపీ నీటిని ఇష్టపడే పెప్టైడ్. జిడ్డు గుణం ఎక్కువున్న పెప్టైడ్లతో పోలిస్తే ఈ నష్టం తక్కువే. అయినా సెల్ కల్చర్ ప్లేట్లు పాలీస్టైరీన్‌వి. నానోమోలార్ డోసుల్ని ప్లేటులో ముందురోజే కలిపి పెట్టుకునే అలవాటున్నవాళ్లు పై వరుసలోని మొదటి అంకెను గుర్తుపెట్టుకోవాలి.

అంటుకోకుండా 0.1 శాతం బీఎస్ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రొటీన్) కలపడం అందరూ చేసే పని. మాకది కలిసిరాలేదు. బీఎస్ఏలోనూ ట్రిప్టోఫాన్ ఉంది కాబట్టి ఫ్లోరెసెన్స్‌లో దాని వెలుగు మా పీక్‌ని ముంచేసింది. ప్రొటీన్‌ని అవక్షేపించి తీసేస్తే దాంతోపాటు కొంత పెప్టైడ్ కూడా పోయింది. చివరికి బీఎస్ఏ మానేసి మూడు మార్పులు చేశాం:

1. స్టాక్ ఎప్పుడూ 0.9 మిల్లీమోలార్ దగ్గరే ఉంచాలి. పలుచన ద్రావణాలు వాడే గంటలోనే చేయాలి.
2. ప్రతి పలుచనకు కొత్త టిప్. ద్రావణాన్ని రెండుసార్లు లోపలికీ బయటికీ లాగి టిప్‌ని తడిపాకే కొలవాలి.
3. పదేసి రెట్ల పలుచనల వరుస పొడవు తగ్గించాలి. గొలుసు పొడవయ్యేకొద్దీ ప్రతి ట్యూబూ తన వాటా తీసుకుంటుంది.

నిల్వ: 4.00 మి.లీ., 3.12 మి.గ్రా.

దశ 4: ఫ్రీజరూ వెలుతురూ

మూడు ద్రావకాలు పెట్టాం: నీరు, సోడియం ఫాస్ఫేట్ (పీహెచ్ 7.4), సోడియం అసిటేట్ (పీహెచ్ 5.5). ఒక నెల తర్వాత ప్రధాన పీక్‌లో మిగిలింది:

నీరు, −80 డిగ్రీలు: 98 శాతం
అసిటేట్, −80: 99 శాతం
ఫాస్ఫేట్, −80: 97 శాతం
అసిటేట్, ఫ్రాస్ట్-ఫ్రీ −20: 92 శాతం
నీరు, ఫ్రాస్ట్-ఫ్రీ −20: 90 శాతం

మొదటి మూడింటి మధ్య తేడా ఉందని ఈ కొలతలతో చెప్పలేం. అయినా ఫాస్ఫేట్‌ని వదిలేశాం. ఎందుకో చూపిస్తాను. పెప్టైడ్ లేని సోడియం ఫాస్ఫేట్ బఫర్‌లో కొన్ని చుక్కల యూనివర్సల్ ఇండికేటర్ వేసి ట్యూబుని గడ్డకట్టించాం. ఆకుపచ్చగా ఉన్న ద్రావణం గడ్డకడుతూ అంచు నుంచి లోపలికి నారింజ రంగులోకి తిరిగింది. కరిగించగానే మళ్లీ ఆకుపచ్చ. డైసోడియం ఫాస్ఫేట్ ముందుగా స్ఫటికాలు కట్టేసి బఫర్‌లోంచి తప్పుకుంటుంది, మిగిలిన ద్రవంలో పీహెచ్ బాగా పడిపోతుంది. 7.4 అని ట్యూబు మీద రాసుకున్నా, గడ్డకట్టే ప్రతిసారీ పెప్టైడ్ ఆ ఆమ్లంలోంచి దాటి వస్తోందన్నమాట. అసిటేట్‌లో ఈ సమస్య లేదు. 

ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రీజర్ అసలు వద్దు. మంచు కట్టకుండా అది తనంతట తాను వేడెక్కి చల్లబడుతూ ఉంటుంది, చిన్న ట్యూబులు ఆ ఊపులో సగం కరిగి మళ్లీ గడ్డకడతాయి. అక్కణ్నుంచి వచ్చిన సాంపిళ్లలో 865.3, 881.3 రెండూ కనిపించాయి.

వెలుతురు దెబ్బ ఇంకా గట్టిది. బెంచి మీద, ట్యూబ్‌లైట్ కింద 48 గంటలు ఉంచితే:

తెల్లటి ట్యూబు: 81 శాతం
అదే ట్యూబు, ఫాయిల్ చుట్టి: 97 శాతం

నన్ను బాగా కలవరపెట్టింది దీని వెనకున్న విషయం. ఆ 81 శాతం సాంపిల్‌ని స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెడితే 280 దగ్గర శోషణ దాదాపు ఏమీ తగ్గలేదు. ట్రిప్టోఫాన్ వలయం తెగితే వచ్చే ఎన్-ఫార్మైల్‌కైనురెనిన్ తానూ కాంతిని పీలుస్తుంది, దాని పట్టీ 320 చుట్టుపక్కలకి సాగుతుంది. ఈ సాంపిల్‌లో 320 రీడింగ్ పెరగడం అందుకే. కాంతి చెదరడం అనుకుని దాన్ని తీసేస్తే లెక్క ఇంకా తప్పుతుంది. అంటే దశ 1లో వాడిన కొలత కొత్తగా కరిగించిన ద్రావణానికే చెల్లుతుంది. పాత స్టాక్‌కి హెచ్‌పీఎల్‌సీ తప్ప వేరే దారి లేదు. ఫ్రీజర్‌లో ఎప్పటిదో ట్యూబు తీసి, 280 రీడింగ్ బాగుందని ప్రయోగం మొదలుపెట్టే ల్యాబులు ఎన్ని ఉంటాయో తలుచుకుంటే టెన్షన్‌గా ఉంటుంది.

మార్పులు: బఫర్‌లోకి వాడే ముందు నైట్రోజన్ పంపించడం (ఆక్సిజన్‌ని తరిమేయడానికి), ముదురు గోధుమరంగు లో-బైండ్ ట్యూబులు, ఒక్కోదానిలో 50 మైక్రోలీటర్లు, −80లో నిల్వ. ఒకసారి కరిగించిన ట్యూబుని తిరిగి ఫ్రీజర్‌లో పెట్టడం లేదు.

నిల్వ: 2.00 మి.లీ., 1.56 మి.గ్రా.

దశ 5: ప్లాస్మాలో ఎంతసేపు బతుకుతుంది?

ఎలుక ప్లాస్మా, 37 డిగ్రీలు, పెప్టైడ్ 20 మైక్రోమోలార్. ఎక్కువ కాలం పట్టింది, ఎక్కువ నేర్పింది ఈ దశే.

మొదటి చిక్కు సున్నా నిమిషం సాంపిల్‌తో. ప్లాస్మాలో పెప్టైడ్ కలిపి వెంటనే తీసిన సాంపిల్ కూడా అనుకున్నదానికన్నా తక్కువ చూపింది. వెచ్చటి ప్లాస్మాలో కలిపి, పిపెట్‌తో తీసి, ఎంజైముల్ని ఆపే ద్రావణంలో వేసేలోపే ఎంజైములు పని మొదలుపెట్టేశాయి. తర్వాత ముందుగా ప్లాస్మాలో ఆపే ద్రావణం వేసి, ఎంజైముల్ని చంపి, ఆ తర్వాతే పెప్టైడ్ కలిపాం. సున్నా అంటే అదే.

రెండోది పీక్ రెండుగా చీలడం. ప్రొటీన్లని అవక్షేపించడానికి రెండింతల అసిటోనైట్రైల్ వాడాం. ఆ ద్రవాన్ని నేరుగా కాలమ్‌లోకి ఎక్కిస్తే, 5 శాతం దగ్గర మొదలయ్యే గ్రేడియంట్‌లో అంత బలమైన ద్రావకంతో వచ్చిన పెప్టైడ్ కొంత నిలిచి, కొంత జారిపోయింది. వాక్యూమ్‌లో ఆరబెట్టి 0.1 శాతం టీఎఫ్ఏలో తిరిగి కరిగించాక ఒకే పీక్ వచ్చింది.

ఆ తర్వాత వచ్చిన అంకెలు, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వేసేది) ప్లాస్మాలో:

5 నిమిషాలు: 79 శాతం
10 నిమిషాలు: 62
20 నిమిషాలు: 38
40 నిమిషాలు: 15

అర్ధాయువు 14 నిమిషాల పైచిలుకు. పాత ప్రచురణల్లో చెప్పిన పావుగంటకు ఇది దగ్గరగానే ఉంది.

అదే ప్రయోగం ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసే ఇంకో రసాయనం) ప్లాస్మాలో చేస్తే 40 నిమిషాలకు 68 శాతం మిగిలింది. ఒకే జాతి ఎలుకలు, ఒకే ఉష్ణోగ్రత, అదే పెప్టైడ్. రక్తం సేకరించిన ట్యూబు ఒక్కటే మారింది. డీఎస్ఐపీని మొదటి ట్రిప్టోఫాన్ దగ్గర కొరికేవి అమైనోపెప్టిడేజ్ ఎంజైములు, వాటిలో చాలావాటికి లోహ అయాన్ కావాలి, ఈడీటీఏ దాన్ని లాగేసుకుంటుంది. హెపారిన్ ప్లాస్మాలోనే అమైనోపెప్టిడేజ్‌లని ఆపే బెస్టాటిన్ 100 మైక్రోమోలార్ కలిపి సరిచూశాం: 40 నిమిషాలకు 74 శాతం. ప్లాస్మా ఏ ట్యూబులో తీశారో రాయని స్థిరత్వ ఫలితాన్ని నేను ఇకమీదట లెక్కలోకి తీసుకోను.

మూడో చిక్కు, ఊడిన ట్రిప్టోఫాన్‌ని కొలుద్దామని చూడటం. పోయిన పెప్టైడ్‌కి సమానంగా ట్రిప్టోఫాన్ పెరిగితే కథ పూర్తవుతుందనుకున్నాం. కానీ ప్లాస్మాలో సహజంగానే ట్రిప్టోఫాన్ పుష్కలంగా ఉంటుంది, పదుల మైక్రోమోలార్లలో. మా 20 మైక్రోమోలార్ లోంచి వచ్చేది ఆ గుంపులో కలిసిపోయింది. ఆ దారి వదిలేసి మిగిలిన ఎనిమిది అమైనో ఆమ్లాల ముక్కని, 663.3ని, మాస్‌లో వెతికాం. దానికి 280 దగ్గర శోషణ లేదు, కాలమ్‌లోంచి చాలా ముందే వచ్చేస్తుంది. అందుకే అంతకుముందు క్రోమటోగ్రామ్‌లలో మా కంటపడలేదు. 5 నిమిషాల సాంపిల్ నుంచే అది ఉంది, 20 దాకా పెరిగి తర్వాత తగ్గింది. ఆ ముక్కనీ ఎంజైములు నములుతున్నాయన్నమాట.

ట్రిప్టోఫాన్ వెలుగు ఆధారంగా, అంటే ఫ్లోరెసెన్స్‌తో, పెప్టైడ్ "ఉంది" అని కాలమ్ లేకుండా ప్లేట్ రీడర్‌లో కొలిచే పద్ధతి ప్లాస్మాకి ఎందుకు సరిపోదో ఇక్కడ తేలిపోయింది. ఊడిపోయిన ట్రిప్టోఫాన్ కూడా వెలుగుతూనే ఉంటుంది.

నిల్వ: 1.20 మి.లీ., 0.94 మి.గ్రా.

దశ 6: రెండో వయల్, మారిన పద్ధతిలో

1. డెసికేటర్‌లో గది ఉష్ణోగ్రతకు తేవాలి, సెంట్రిఫ్యూజ్ చేయాలి.
2. నైట్రోజన్ పంపిన 10 మిల్లీమోలార్ సోడియం అసిటేట్ (పీహెచ్ 5.5) 5.0 మి.లీ. పోయాలి, మూత లోపలా తడపాలి.
3. క్వార్ట్జ్ క్యూవెట్‌లో 280, 320 రీడింగులు అదే గంటలో తీయాలి.
4. ట్యూబుల మీద కొలిచిన మోలారిటీ రాయాలి. లేబుల్ మీది మి.గ్రా. రాయకూడదు.
5. 50 మైక్రోలీటర్ల చొప్పున గోధుమరంగు ట్యూబుల్లో పంచి −80లో పెట్టాలి.
6. ప్రతి నెలా ఒక ట్యూబుని హెచ్‌పీఎల్‌సీకి బలివ్వాలి. ప్రధాన పీక్ 95 శాతం కన్నా తగ్గితే ఆ బ్యాచ్ మొత్తం పారేయాలి.

రెండో వయల్‌కి సవరించిన రీడింగ్ 0.248 వచ్చింది. అంటే 0.90 మిల్లీమోలార్, వయల్‌లో 3.8 మి.గ్రా. రెండు వయల్స్‌కీ తేడా రెండు శాతమే, అది కొలతల చెదురులోనే కలిసిపోయేంత చిన్నది. అయినా ఒకదాన్ని కొలిచి మిగతావాటికి అదే అంకె వేసేయకుండా ప్రతి వయల్‌నీ విడిగా కొలుస్తాం. రెండు నెలల తర్వాత తీసిన ట్యూబులో ప్రధాన పీక్ 99 శాతం, 881.3 జాడ లేదు.

నిల్వ: మొదటి వయల్ నుంచి 0.94 మి.గ్రా., దీన్ని ఇక కాలమ్ పరీక్షలకే వాడతాం. రెండో వయల్ నుంచి 3.7 మి.గ్రా., ట్యూబుల్లో.

తర్వాత చేయబోయేది సెరిన్ మీద ఫాస్ఫేట్ చేరిన రూపం. దాని మాస్ 929.3 దగ్గర రావాలి. ప్లాస్మాలో అమైనోపెప్టిడేజ్‌తో పాటు ఫాస్ఫటేజ్ కూడా దాని మీద పడుతుంది కాబట్టి ఏది ముందు కొరుకుతుందో వేరు చేయడానికి ఆపే ద్రావణాన్ని మళ్లీ మొదటి నుంచి పరీక్షించాలి. ఈడీటీఏ ప్లాస్మాని ఈసారి పోలిక కోసమే ఉంచుతాం.